3 సెకన్ల వాన 8 సెకన్లకు: రెయిన్ స్టిక్ తయారీ డైరీ

రెయిన్ స్టిక్ అంటే లోపల అడ్డంగా పుల్లలో ముళ్ళో గుచ్చి, గింజలు పోసి, రెండు కొసలూ మూసిన గొట్టం; తలకిందులు చేస్తే వాన చప్పుడు వస్తుంది. అది బాగా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: గొట్టాన్ని తలకిందులు చేశాక చప్పుడు ఎన్ని సెకన్లు నిలుస్తోంది? 60 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన గింజ దేనికీ తగలకుండా పడితే కింద చేరడానికి సుమారు 0.35 సెకన్లు పడుతుంది. గొట్టంలో మనం గుచ్చే మేకులూ పుల్లలూ అన్నీ ఆ 0.35ని సాగదీయడానికే. చప్పుడు మెత్తగా ఉందా, గరగరలాడుతోందా అన్నది తర్వాతి సంగతి. ముందు గింజ ఆగి ఆగి దిగాలి.

కొలిచిన పద్ధతి ఇది. ఎవరైనా ఇదే పని చేస్తే అంకెలు పోల్చుకోవచ్చు.

1. గొట్టాన్ని నిలబెట్టి, చిన్నగా తట్టి, గింజలన్నీ అడుక్కి చేరనివ్వాలి.
2. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, గొట్టాన్ని ఒక్క ఊపులో తలకిందులు చేసి నిలువుగా పట్టుకోవాలి.
3. రికార్డింగులో గీత లేచిన చోటి నుంచి మళ్ళీ పడుకున్న చోటిదాకా సెకన్లు చూసుకోవాలి.

స్టాప్‌వాచ్‌తో ఈ పని సరిగ్గా కాదు. చివర్లో ఒకటీ అరా గింజలు రాలుతూనే ఉంటాయి, ఎక్కడ ఆపాలో వేలికి తెలియదు. రికార్డింగులో ఆ తోక కంటికి కనిపిస్తుంది. ప్రతి మార్పు తర్వాతా కొలత పలుమార్లు తీసి, మధ్యలో వచ్చిన అంకెనే రాశాను.

దశ 1: పల్చటి గొట్టం, ఇనప మేకులు

వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టంతో మొదలైంది. పొడవు 30 సెంటీమీటర్లు, గోడ మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు. ఇలాంటి గొట్టాల మీద అట్ట అతుకు మెలి తిరిగి పైదాకా వెళ్తుంది. ఆ గీత వెంబడే మేకులు దిగ్గొడితే అమరిక దానంతటదే వస్తుందని చాలామంది చెబుతారు. మాట నిజమే. చిక్కల్లా గోడ మందంతోనే.

సుత్తి వాడకుండా, ముందు దబ్బనంతో కన్నం చేసి మేకును వేలితో నెట్టాను. 40 మేకులు పట్టాయి. గింజలు పోయకముందే గొట్టం అతుకు వెంబడి విచ్చుకోవడం మొదలైంది. అట్ట ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడే వరసగా కన్నాలు పడితే చిరిగే దారి మనమే గీసిచ్చినట్టు. పైన మాస్కింగ్ టేప్ చుట్టి, 40 గ్రాముల బియ్యం పోసి తిప్పితే 1.5 సెకన్లు వచ్చింది. కాసేపు ఆడించేసరికి మేకుల తలలు టేపును పైకి నెట్టేశాయి. మేకు బరువును ఒక మిల్లీమీటరు అట్ట పట్టుకోలేదు. ప్రతి ఊపుకీ మేకు కాస్త కదులుతుంది, కన్నం కాస్త పెద్దదవుతుంది.

అదే గొట్టంలోంచి మేకులు తీసేసి, ఫాయిల్‌ను తాడులా మెలిపెట్టి, స్ప్రింగులా చుట్టి దూర్చి కూడా చూశాను. పిల్లలతో అరగంటలో చేయించాలంటే అది చాలు. కానీ ఆడించేకొద్దీ ఫాయిల్ నలిగి ఒక చివరకు చేరిపోతుంది, మిగతా గొట్టం ఖాళీ అయిపోతుంది. వాన బదులు కాగితం నలిపిన చప్పుడు వస్తుంది. అక్కడితో దాన్ని వదిలేశాను.

ఇక్కడికి లెక్క: 30 సెం.మీ. గొట్టం, 40 మేకులు, 1.5 సెకన్లు.

దశ 2: గొట్టం మార్పు

పోస్టర్లు చుట్టి పంపే దళసరి అట్ట గొట్టాలు రెండు, ఒకే కొలతవి తీసుకున్నాను. రెండోది ఎందుకు అక్కరకొచ్చిందో కింద చెబుతాను.

పొడవు 60 సెం.మీ., బయటి వ్యాసం 5.2 సెం.మీ., గోడ 2 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 4.8 సెం.మీ. చుట్టుకొలతను లెక్కగట్టే బదులు కాగితం పట్టీ చుట్టి, కలిసిన చోట గీత గీసి, స్కేలుతో కొలవడం మేలు. నాకు 16.3 సెం.మీ. వచ్చింది.

మేకుల బదులు టూత్‌పిక్‌లు పెట్టాలనుకోవడానికి కారణం బరువే. టూత్‌పిక్ మామూలుగా 6.5 సెం.మీ. ఉంటుంది. గొట్టం వ్యాసం 5.2 కాబట్టి ఒక వైపు నుంచి దూరి రెండో వైపు బయటికి వస్తుంది, రెండు చివరలా అర సెంటీమీటరు పైన మిగులుతుంది. రెండు గోడలూ పట్టుకుంటాయి కనుక కదలదు. గొట్టం వ్యాసం 5.5 సెం.మీ. దాటితే టూత్‌పిక్ చాలదు. పైగా దాని మొనలు సన్నగా ఉంటాయి, ఆ సన్నటి భాగం గోడలో ఉంటే పట్టు ఉండదు. కొనే ముందే గొట్టానికి అడ్డంగా ఒక టూత్‌పిక్ పెట్టి చూసుకోండి.

దశ 3: మొదటి 80 పుల్లలు, టార్చి పరీక్ష

అమరికను ముందు కాగితం మీద గీశాను. ఏ4 కాగితాలు రెండు పొడవుగా అతికిస్తే 59.4 సెం.మీ. వస్తుంది. వెడల్పు 16.3కి కత్తిరిస్తే గొట్టానికి సరిగ్గా ఒక చుట్టు. చుట్టుకొలతను 8 భాగాలు చేసి, ఒక్కో పుల్లకీ ఒక భాగం పక్కకు, 0.7 సెం.మీ. ముందుకు జరుగుతూ గుర్తులు పెట్టాను. ఆ లెక్కన ఒక పుల్లకీ తర్వాతి పుల్లకీ మధ్య 45 డిగ్రీల మలుపు. 56 సెం.మీ. మేర 80 పుల్లలు, రెండు చివర్లా 2 సెం.మీ. ఖాళీ. కాగితం మీద చూస్తే ముచ్చటగా, మెలికల మెట్లలా ఉంది.

60 గ్రాముల బియ్యం పోసి తిప్పితే 3 సెకన్లు. అన్ని పుల్లలకు అది చాలా తక్కువ. గొట్టం ఖాళీ చేసి, ఒక చివర ఫోన్ టార్చి పెట్టి, రెండో చివర కన్ను ఆనించి చూస్తే సంగతి తెలిసింది. నడిమధ్యలో పుల్లలన్నీ ఒకదాని మీద ఒకటి కలిసి నల్లటి చుక్కలా ఉన్నాయి. దాని చుట్టూ ఎనిమిది వెలుతురు చీలికలు ఈ కొస నుంచి ఆ కొసదాకా అడ్డు లేకుండా కనిపిస్తున్నాయి. గింజ ఆ చీలికలో పడితే నేరుగా జారిపోతుంది.

లెక్క వేస్తే ఇలా తేలుతుంది. గొట్టాన్ని అడ్డంగా దాటే పుల్లకు రెండు చివరలు. 0 డిగ్రీల దగ్గర గుచ్చిన పుల్ల 180 దగ్గర బయటికొస్తుంది. అంటే 45 డిగ్రీల మలుపుతో వెళ్తే 0, 45, 90, 135 అయ్యాక 180 దగ్గర గుచ్చేది మళ్ళీ మొదటి పుల్ల దిక్కే. 80 పుల్లలున్నా దిక్కులు నాలుగే. ఐదో పుల్ల నుంచి ప్రతిదీ పాత పుల్ల నీడలో నిలబడుతుంది.

చిలీలో ఈ వాయిద్యాన్ని ఎండిన కాక్టస్ కాండంతో చేస్తారు. కొపావో అనే కాక్టస్ అందుకు పేరున్నది. దాని ముళ్ళనే పీకి, లోపలికి గుచ్చి, గులకరాళ్ళు పోసి కొసలు మూస్తారు. ముల్లు మన టూత్‌పిక్‌లా అటు కొసదాకా దాటనక్కరలేదు, చుట్టూ అన్ని వైపుల నుంచీ లోపలికి చొచ్చుకొస్తే చాలు. చేత్తో గుచ్చిన ముళ్ళు స్కేలు పెట్టి గీసినంత కచ్చితంగా ఒకదాని వెనక ఒకటి నిలబడవు. మనకు కావలసింది ఆ పొసగనితనమే.

ఇక్కడికి లెక్క: 60 సెం.మీ. గొట్టం, 80 పుల్లలు, బియ్యం 60 గ్రాములు, 3 సెకన్లు.

దశ 4: గుర్తులు తిరగగీయడం

మార్చింది ఒక్క అంకె. ఒక పుల్ల నుంచి తర్వాతి పుల్లకు చుట్టూ జరిగే దూరాన్ని 2 సెంటీమీటర్ల చిల్లర నుంచి 2.3 సెం.మీ. చేశాను. ముందుకు జరిగే దూరం పాతదే, 0.7.

2.3 ఎందుకంటే అది 16.3ని గానీ, అందులో సగమైన 8.15ని గానీ సరిగ్గా భాగించదు. ఏడు అడుగులు వేస్తే 16.1 వస్తుంది, అంటే పూర్తి చుట్టుకు 2 మిల్లీమీటర్లు తక్కువ. ప్రతి ఏడు పుల్లలకూ అమరిక మొత్తం 2 మిల్లీమీటర్లు పక్కకు తప్పుతుంది. 80 పుల్లలయ్యేసరికి అలా పక్కకు తప్పిన దూరం రెండు సెంటీమీటర్లు దాటుతుంది, చీలికలన్నీ మూసుకుపోతాయి. మీ గొట్టం కొలత వేరైతే ఈ సూత్రం వాడండి: చుట్టుకొలతను 7.1తో భాగించండి, వచ్చిన అంకే అడుగు.

పాత గొట్టంలో పుల్లలకు ఇంకా జిగురు పెట్టలేదు కాబట్టి పీకి, దాని మీదే కొత్త కాగితం చుట్టి చూశాను. కొత్త కన్నం పాత కన్నానికి మూడు మిల్లీమీటర్ల లోపు పడిన చోటల్లా రెండూ కలిసిపోయి అట్ట ఊడొచ్చింది. రెండో గొట్టం అందుకే పనికొచ్చింది. పాతదాన్ని మూతల పరీక్షకు ఉంచాను.

ఈసారి పని వరస:

1. గుర్తుల కాగితాన్ని గొట్టానికి బిగుతుగా చుట్టి మాస్కింగ్ టేప్‌తో మూడు చోట్ల కట్టాలి.
2. ప్రతి గుర్తుకూ ఎదురుగా, చుట్టూ 8.15 సెం.మీ. దూరంలో, పుల్ల బయటికి రావలసిన చోట వేరే రంగు పెన్నుతో చుక్క పెట్టాలి.
3. దబ్బనంతో రెండు వైపులా బయటి నుంచే కన్నం చేయాలి. ఒకే పోటులో అటు దాకా పొడిస్తే దబ్బనం దారి తప్పి చుక్కకు దూరంగా తేలుతుంది.
4. కన్నం సన్నగానే ఉండాలి. టూత్‌పిక్ నడుము సుమారు 2 మిల్లీమీటర్లు. కన్నం 1.5 మిల్లీమీటర్లు ఉంటే పుల్ల బిగుసుకుంటుంది.
5. పది పుల్లలకోసారి టార్చి పెట్టి చూసుకోవాలి.

80 పుల్లలయ్యాక టార్చి వెలుగు నేరుగా కంటికి తగలడం ఆగిపోయింది. పుల్లల సందుల్లోంచి గోడ మీద తళతళ మాత్రం కనిపించింది. అదే 60 గ్రాముల బియ్యంతో 5.5 సెకన్లు. పుల్లలు అవే, గింజ అదే, అదనంగా వచ్చిన రెండున్నర సెకన్లు కేవలం అమరిక వల్ల వచ్చినవి. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన అంకె ఇదే.

దశ 5: జిగురు, కత్తిరింపు

తెల్ల జిగురు వాడాను. గొట్టాన్ని పడుకోబెట్టి, పైకి కనిపించే కొసలకు మాత్రమే చుక్క చొప్పున పెట్టి, ఆరాక తిప్పి రెండో వైపు పెట్టాలి. నిలబెట్టి పెడితే జిగురు పుల్ల వెంబడి లోపలికి కారుతుంది. కారిన చోట గింజలు అతుక్కుని చిన్న అడ్డుగోడ కడతాయి, వాటిని సన్నటి కమ్మీతో గీకి రాల్చడం పెద్ద తలనొప్పి.

రాత్రంతా ఆరనివ్వడం తప్పనిసరి. పచ్చిగా ఉండగా కత్తిరిస్తే పుల్ల కన్నంలోనే తిరిగిపోతుంది. వదులైన పుల్ల ఒక్కటున్నా గింజ తగిలినప్పుడల్లా చిరచిరమంటుంది, ఆ చప్పుడు మిగతా వానంతటినీ పాడు చేస్తుంది. కత్తిరించే ముందు ప్రతి పుల్లనూ వేలితో నొక్కి చూడండి.

కొసలు కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించాను. ముక్కలు ఎగిరి ముఖం మీదికి వస్తాయి కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకోవాలి, పిల్లల్ని దగ్గర ఉంచకూడదు. ఎంత దగ్గరగా కత్తిరించినా అర మిల్లీమీటరు మొన మిగులుతుంది, చేతికి గుచ్చుకుంటుంది. ఉప్పు కాగితంతో రుద్ది, చెయ్యి ఆడించి, మళ్ళీ రుద్ది నున్నగా చేశాను. ఒళ్ళు నొప్పి పుట్టించే భాగం ఇదే.

దశ 6: ఇంకో 40 పుల్లలు

5.5 సెకన్లను ఇంకా పెంచడానికి రెండో వరస వేశాను. మొదటి వరస మొదలైన చోటి నుంచి పావు చుట్టు, అంటే 4.1 సెం.మీ. పక్కకు జరిగి, ముందుకు 1.4 సెం.మీ. చొప్పున, చుట్టూ అదే 2.3 అడుగుతో 40 పుల్లలు. బియ్యంతో 7 సెకన్లు వచ్చింది.

ఇంకో 40 గుచ్చితే ఎలా ఉంటుందో చూద్దామని జిగురు పెట్టకుండా గుచ్చాను. బియ్యం మధ్యలో ఆగిపోయింది. గొట్టం నడిమధ్యలో పుల్లలన్నీ కలుస్తాయి కనుక సందు అక్కడే ఇరుకు. గింజలు రెండు మూడు ఒకదానికొకటి దన్నుగా నిలబడి కమానులా కట్టుకుంటాయి, పైనుంచి బరువు పడేకొద్దీ ఆ కమాను ఇంకా బిగుస్తుంది. గొట్టాన్ని తడితే ఒక్కసారిగా కూలి గడ్డగా పడుతుంది. సందు గింజ పొడవుకన్నా కాస్త పెద్దదైతే చాలదు, నాలుగైదు రెట్లు ఉంటేనే ధార ఆగకుండా కదులుతుంది. ఆ 40 పుల్లలూ పీకేసి, కన్నాలను బయట కాగితం అతికించి మూశాను.

ఇక్కడికి లెక్క: 120 పుల్లలు, బియ్యం 60 గ్రాములు, 7 సెకన్లు.

దశ 7: లోపల ఏం పోయాలి

ఒక చివర శాశ్వతంగా మూయకముందే ఇదంతా తేల్చుకోవాలి. అట్ట బిళ్ళ పెట్టి టేపుతో తాత్కాలికంగా మూస్తే చాలు.

ఆవాలు వేగంగా జారిపోయాయి. గుండ్రంగా, రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటాయి కనుక ఏ పుల్లా వాటిని ఎక్కువసేపు ఆపదు. చప్పుడు మాత్రం సన్నటి జల్లు, వినడానికి హాయిగా ఉంది, 4 సెకన్లలో అయిపోయింది. పెసలు బరువుగా, గుబగుబమని పడ్డాయి, చినుకులు విడివిడిగా వినిపించాయి. అయితే రెండోసారికే మధ్యలో ఇరుక్కున్నాయి. బియ్యం చప్పుడు మెత్తన, తోక పొడవు. సన్నగా పొడవుగా ఉండడం వల్ల పుల్ల మీద అడ్డంగా పడి, తూగి, తర్వాత జారుతుంది. 3 మిల్లీమీటర్ల గాజు పూసలు అన్నిటికన్నా స్పష్టంగా మోగాయి, కానీ అవి ఒక్కటే పోస్తే వానకన్నా గలగల ఎక్కువ.

చివరికి కుదిరింది 60 గ్రాముల బియ్యం, 20 గ్రాముల గాజు పూసలు. పూసలు ముందు పరుగెత్తి పెద్ద చినుకుల్లా టపటపమంటాయి, బియ్యం వెనకాల సన్నగా కురుస్తూ ఉంటుంది. 8 సెకన్లు. వాన చప్పుడంటే ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేనన్ని చిన్న దెబ్బలు, ఎప్పుడు ఏది పడుతుందో తెలియకుండా పడడం. రెండు రకాల గింజలు కలిపితే ఆ తెలియకపోవడం ఇంకా పెరుగుతుంది.

ఎక్కువ పోస్తే ఎక్కువసేపు వస్తుందనుకోవద్దు. 60 గ్రాముల బియ్యం ఈ గొట్టంలో సుమారు 4 సెం.మీ. ఎత్తు నిలుస్తుంది. 120 పోస్తే 8 సెం.మీ. నిలుస్తుంది, పుల్లలు దాని కింద కూరుకుపోతాయి, తిప్పగానే మొదట గడ్డలా కదిలి బరువుగా ఈడ్చినట్టు వినిపిస్తుంది.

బియ్యం వాడితే ఇంకో జాగ్రత్త. జల్లించి నూక, పొడి తీసేయాలి, లేకపోతే పొడి పుల్లలకు పట్టి చప్పుడు మందగిస్తుంది. పొడి మూకుడులో సన్నని సెగ మీద వేడి చేసి, పూర్తిగా చల్లారాకే పోయాలి. వేడిగా పోసి మూస్తే లోపల చెమ్మ చేరి అట్ట మెత్తబడుతుంది, పురుగు కూడా పడుతుంది. ఏళ్ళ తరబడి దాచుకోవాలనుకుంటే బియ్యం బదులు కడిగి ఆరబెట్టిన సన్న గులకరాళ్ళు మేలు.

దశ 8: మూతలు

గొట్టంతో వచ్చిన ప్లాస్టిక్ మూతలు పెడితే పూసలు దాని మీద టంగుటంగుమన్నాయి. వాన మధ్యలో డబ్బా మోత. పక్కన పెట్టిన పాత గొట్టం మీద వరసగా చూసుకున్నాను. బెలూను రబ్బరు సాగదీసి కడితే డప్పు చప్పుడు వచ్చింది, పైగా రబ్బరు ఎండి చిట్లుతుంది. ఒట్టి అట్ట బిళ్ళ పర్వాలేదు. అట్ట బిళ్ళకు లోపలి వైపు దళసరి గుడ్డ ముక్క అతికిస్తే పడ్డ చప్పుడు దాదాపు వినిపించలేదు, పుల్లల మీద చప్పుడే మిగిలింది. దాన్నే ఖాయం చేశాను.

1. లోపలి వ్యాసానికి 4.8 సెం.మీ. అట్ట బిళ్ళలు రెండేసి కత్తిరించి ఒకదానికొకటి అతికించాలి.
2. లోపలి వైపు గుడ్డ అతికించి, అంచు చుట్టూ జిగురు రాసి, గొట్టంలో 3 మిల్లీమీటర్లు లోపలికి నెట్టాలి.
3. ఆరాక బయటి నుంచి కాగితం పట్టీలు అడ్డదిడ్డంగా అతికించాలి.
4. మొత్తం గొట్టానికి గుడ్డ గానీ మందపాటి కాగితం గానీ చుట్టి అతికించాలి. పుల్లల కొసలు మళ్ళీ బయటికి రాకుండా ఇదే కాపలా.

పసిపిల్లల చేతికి ఇచ్చేటట్టయితే నాలుగో అంకెను వదిలేయకండి. పూసలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మూతల మీద మరో వరస కాగితం వేసి, అప్పుడప్పుడూ అంచులు తడిమి చూడండి.

మొత్తం లెక్క

గొట్టం 60 సెం.మీ., టూత్‌పిక్‌లు 120, బియ్యం 60 గ్రాములు, గాజు పూసలు 20 గ్రాములు. నిలువుగా తిప్పితే 8 సెకన్లు. నేలకు సమాంతరంగా పట్టుకుని ఒక చివరను మెల్లగా ఎత్తుతూ పోతే అర నిమిషం పైన కూడా లాగవచ్చు, కానీ అది చేతి నేర్పు కనుక కొలతల్లో కలపలేదు.

90 సెం.మీ. గొట్టానికి ఇదే అమరిక వాడాలంటే చివర్లు వదిలి 86 సెం.మీ. పుల్లలు పట్టే చోటు. మొదటి వరసకు 122, రెండో వరసకు 61, మొత్తం 183 టూత్‌పిక్‌లు. గుర్తులకు ఏ4 కాగితాలు రెండు చాలవు, మూడోది అతికించాలి. అతికించిన చోట అడుగు తప్పకుండా స్కేలుతో మళ్ళీ సరిచూసుకోండి. గుర్తులన్నీ గీశాక, కన్నాలు పొడవకముందే కాగితాన్ని గొట్టానికి చుట్టి, మొదటి ఏడు చుక్కల తర్వాత ఎనిమిదోది మొదటి చుక్కకు 2 మిల్లీమీటర్లు పక్కకు పడిందో లేదో చూడండి. పడితే మిగతాదంతా దారిలో ఉన్నట్టే.